రెక్కకొనల కొమ్ములు

విమానములో కిటికీప్రక్కన గూర్చున్నవారు రెక్కకొన పైకి వంగియుండుటను జూచియే యుందురు. దానిపై సంస్థవారు తమ చిహ్నమును రంగులతో వేయించుకొనుటచేత నది యలంకారమని తలచువారును గలరు. ఈ తలంపు నెంతవరకు నమ్మవచ్చునో దాని చరిత్రయే చెప్పగలదు.

ఎగురునపుడు రెక్కక్రింది గాలికి ఒత్తిడి యెక్కువ, పైగాలికి దక్కువ. అందుచేత క్రిందిగాలి కొనయొద్ద పైకి బొర్లి సుడియై వెనుకకు సాగును. ఈ సుడి విమానమును వెనుకకీడ్చును; ఆ యీడ్పును గెలుచుటకు ఇంధనమును గాల్పవలయును. కొనకొక పలక యడ్డము పెట్టవచ్చునని ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1897లోనే పేటెంటు పొందెను. రైటు సోదరు లెగురుటకు ఆఱేండ్లు ముందటి మాట యిది! కాని ఉత్తపలక తానును గాలికి అడ్డమే గదా. ఆ యూహ చాలకాలము అటకమీదనే యుండెను.

1973లో చమురు ధర లొక్కసారిగా పెరుగగా, అమెరికాలో నాసావారి లాంగ్లీ పరిశోధనాలయమునందలి రిచర్డు విట్‌కాంబు దానిని క్రిందికి దించెను. ఇతడు నమూనాలను దనచేతులతోనే ఆకురాయిపట్టి యరగదీసి గాలిసొరంగములో బరీక్షించుకొను వాడు. కొనకు బెట్టునది పలక గాక చక్కగా మలచిన చిన్న రెక్కయే కావలయునని యాతని మతము. 1976లో బ్రకటించిన ఫలితములనుబట్టి, రెక్క యెత్తుటవలన బుట్టు నీడ్పు సుమారు నూటికి 20 పాళ్లు తగ్గెను. రెక్కమొదటిపై నంతే భారము పడునట్లు కొనను బ్రక్కకు బొడిగించి చూడగా, దానికంటె నిది రెట్టింపునకు మించిన ఫలమిచ్చెను. తరువాత కెసి-135 అను సైనిక విమానమునకు దగిలించి యెగురవేసినపుడు, అంతే యింధనముతో నూటికి 6.5 పాళ్లెక్కువ దూరము పోగలిగిరి.

ఈలోపలనే సొగసు ప్రవేశించెను. 1977లో లియర్‌జెట్ 28 అను చిన్న విమానము, ధనికుల వాహనము, వీనిని ధరించి బయలుదేరెను. టెక్సాసు పశువుల పొడవుకొమ్ములను దలపించు లాంగ్‌హార్న్ అను పేరును దానికి బెట్టిరి. 1989లో సేవలో బ్రవేశించిన బోయింగు 747-400ను జనులు కొనలనుజూచియే పాతవానినుండి వేఱుపఱుపసాగిరి.

అయినను ఆ విమానమునందే, జపాను దేశములోపలి ప్రయాణములకై 1991లో వచ్చిన రకమునకు ఈ కొమ్ములు లేవు. దూరపు పయనములో నివి చేయు నాదా, గంటసేపటి ప్రయాణములో వాని బరువునకే చాలదు. చూపునకు లొంగక లెక్కకు లొంగిన యా నిర్ణయము నాకు మిక్కిలి నచ్చినది.

కొమ్ము పైకే యేల పెరుగవలెనన్న, చోటు చాలకపోవుటయు నొక కారణము. బోయింగు 737, ఎయిర్‌బస్ ఎ320 వంటివి నిలుచు తావులకు రెక్కల వెడల్పు 36 మీటర్లలోపల నుండవలయును. ఇరుకువీధిలో ఇల్లు ప్రక్కకు జరుగలేక మేడయైనట్లు రెక్కయు బైకి లేచినది. 2020లో మొదటిసారి యెగిరిన బోయింగు 777-9కు వేఱొక యుపాయము పన్నిరి. నేలపై నున్నపుడు దాని కొనలు పైకి మడుచుకొని, రెక్కల వెడల్పు 71.8 మీటర్లనుండి 64.8కి తగ్గును. ఎగురుటకు ముందు వానిని జాచుదురు; ఆకాశమున దానికి గొమ్ములు లేవు.