కాటేదాన్ మట్టి లెక్క ఎవరు తీస్తారు?

హైదరాబాద్‌లో ఉప్పుగూడ స్టేషన్ దాటితే ఫలక్‌నుమా, ఇంకా దక్షిణానికి పోతే కాటేదాన్. మా బస్తీలో పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని సైకిలెక్కినవాళ్లలో చాలామంది అటే వెళ్లేవారు. బ్యాటరీలు, లోహపు పూత, అద్దకం, నూనె మిల్లులు, రసాయనాలు... ఏదో ఒక కంపెనీలో పని దొరికేది. నేను బడిలో రసాయన శాస్త్రం చెప్పేవాణ్ని. సీసం పాఠం వచ్చినప్పుడు, "మా నాన్న చేసే పని దాంతోనే సార్" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అనేవారు. ఆ సీసం పొడి నాన్న చొక్కా మీద ఇంటికి వస్తుందన్న సంగతి మా పాఠ్యపుస్తకంలో ఉండేది కాదు.

కంపెనీల మధ్యనే నూర్ మహ్మద్ కుంట. ఆ పల్లంలోకి వాననీటితో పాటు కంపెనీల మురుగూ చేరింది. గట్టి వ్యర్థాలను ఖాళీ జాగాల్లో గుమ్మరించారు. గాలి కొంత లేపింది, వాన కొంత ఈడ్చుకుపోయింది.

ఆ మట్టిని పట్టించుకున్నది ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ). అక్కడి శాస్త్రవేత్తలు, నార్వే భూసాంకేతిక సంస్థ వారితో కలిసి, కాటేదాన్‌లో చోటుచోటునా మట్టి నమూనాలు తీశారు. ఆరబెట్టి, మెత్తగా నూరి, బిళ్లగా నొక్కి, ఎక్స్‌రే కిరణాల కింద పెడితే ఒక్కో లోహం తనదైన కాంతితో బయటపడుతుంది. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్ మోతాదు మించి ఉన్నాయని 2008లో అచ్చు వేశారు. మా పిల్లల తండ్రులు రోజూ తొక్కిన నేల అది. 2010లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కేంద్రం పారిశ్రామిక కాలుష్య నిర్వహణ పథకం చేపట్టి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లను ఎంచుకుంది. అందులో మన కుంటకూ చోటు దక్కింది. అంటే నేల కింద ఏముందో చూడటానికి కూడా మనకు బయటి చెయ్యి కావలసి వచ్చింది.

అమెరికాలో ఈ కథ వేరే దారిలో నడిచింది. క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల మూతపడ్డ ఫ్యాక్టరీల జాగాలను కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. లోపల ఏ విషముందో, ఆ ఖర్చు తమ మెడకు ఎక్కడ చుట్టుకుంటుందోనన్న భయం. అందుకే అక్కడి పర్యావరణ సంస్థ 1993లో ఆ ఊరున్న కౌంటీకి 2 లక్షల డాలర్లు ఇచ్చి చూసింది. 2002లో దానికి చట్టమే వచ్చింది. ఊళ్లకు సర్కారు డబ్బిస్తుంది. పాత రికార్డులు తిరగేసి, బోర్లు వేసి, మట్టినీ నీళ్లనూ పరీక్షించి, ఏముందో చెప్తారు. ఆ తర్వాతే అక్కడ ఏం కట్టాలన్న మాట.

హైదరాబాద్‌లో ఆ భయం లేదు. గజం ధర అంత ఎక్కువైనప్పుడు అడుగున ఏముందని అడిగే కొనుగోలుదారు ఉండడు. నాకు ఆందోళన ఇక్కడే.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోటును కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరీక్షించాలి. ఖర్చు కలుషితం చేసినవాళ్లదే, వాళ్లు దొరక్కపోతే ప్రభుత్వాలది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ సర్కారు హిల్ట్ అనే పారిశ్రామిక భూముల మార్పిడి విధానం ప్రకటించింది. ఔటర్ రింగు రోడ్డు లోపలా పక్కనా ఉన్న పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,300 ఎకరాలను ఇళ్లకు, దుకాణాలకు, ఆఫీసులకు మార్చుకోవచ్చు. కాటేదాన్ కూడా అందులో ఉంది. మార్చుకునేవాళ్లు రిజిస్ట్రేషన్ విలువలో 30 నుంచి 50 శాతం రుసుము కట్టాలి.

పొగ ఊరి బయటికి పోవడం మంచిదే, నేను కాదనను. కానీ కంపెనీ ఖాళీ చేస్తే షెడ్డూ యంత్రాలూ లారీ ఎక్కుతాయి, మట్టిలోని సీసం ఎక్కదు. రేపు అక్కడ అపార్ట్‌మెంట్ లేచి, బోరు పడి, పసిపిల్లలు మట్టిలో ఆడుకుంటారు. చిన్నపిల్లల ఒంట్లోకి సీసం పెద్దవాళ్లకన్నా సులువుగా దిగుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఆ రుసుములోంచే మట్టి పరీక్షకు డబ్బు విడిగా తీసిపెట్టాలి. పరీక్ష ఫలితం చేతికి రానిదే ఏ ప్లాటుకూ నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు. ఆ ఫలితాలను తెలుగులో, ఉర్దూలో గేటు మీద అతికించాలి. మొదలుపెట్టడానికి కాటేదాన్‌ను మించిన చోటు లేదు, దాని మట్టి ఏమిటో 2008 నుంచీ కాగితం మీద ఉంది.