ఓరుగల్లు ప్రాంతంలో పశుపోషణ: శాసనం, కథ, మేతభూమి

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు – వరంగల్లు రహదారిపై కాజీపేటకు సమీపంలో ఉన్న ఊరు మడికొండ. మెట్టుగుట్ట మీది రామలింగేశ్వరాలయం ఈ ఊరికి గుర్తు. ఊరి పేరులో మడి, కొండ అనే రెండు మాటలు వినిపిస్తాయి. మడి దుక్కిటెద్దుల చోటు, కొండవాలు గొర్రెల మంద చోటు. ఓరుగల్లు ప్రాంతపు గ్రామీణ జీవనం ఈ రెండింటి మీదా ఆధారపడి సాగింది. మనిషికీ పశువుకూ గల అనుబంధాన్ని సాధారణంగా వాత్సల్యం, భూతదయ అనే భావాలతో వివరిస్తుంటారు. చారిత్రక ఆధారాలను పరిశీలిస్తే ఆ అనుబంధం కాపరి మోసిన బాధ్యతగా కూడా కనిపిస్తుంది. ఆ బాధ్యత నిలవడానికి మేతభూమి మూలమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాసనాల్లో పశువు – కాపరి:

మధ్యయుగ ఆంధ్రదేశంలో ఆలయాల అఖండదీపాల కోసం పశువులను దానం చేయడం విస్తృతంగా కనిపిస్తుంది. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఒక దీపానికి 25 ఆవులు గాని 50 గొర్రెలు గాని ఇవ్వడం ఆ కాలపు శాసనాల్లో తరచుగా కనిపించే కొలత. దానంగా వచ్చిన మందను కాపరికి అప్పగించేవారు. అతడు దీపానికి ప్రతిదినం నిర్ణీత పరిమాణంలో నెయ్యి పోయాలి. ఈ కాపరుల పేర్లు చాలావరకు 'బోయ' అనే మాటతో ముగుస్తాయి.

ఈ ఏర్పాటులోని అంతరార్థం గమనించదగినది. దీపం ఆరకూడదంటే మంద తరగకూడదు. ముసలివి పోయినప్పుడు పిల్లలు ఆ లోటు తీర్చాలి. ఈనిన తల్లిని, రోగం సోకిన జీవాన్ని, ఎండాకాలపు మేతను చూసుకోవలసినవాడు కాపరే. దాత పుణ్యం కాపరి శ్రమ మీద నిలిచింది. శాసనం నేతిని కొలిచింది కాని ఆ శ్రమను కొలవలేదు.

తెలంగాణలోని కాకతీయ శాసనాల్లో చెరువులకు, వాటి కింది మాగాణానికి ప్రాధాన్యం ఎక్కువ. పాకాల, రామప్ప చెరువులు ఆ దృష్టికి నిదర్శనాలు. అంటే ఇక్కడ మడి చరిత్ర రాతికెక్కినంతగా కొండవాలు చరిత్ర ఎక్కలేదు.

మందలో ఒకటిగా కాక, ఒక్క జంతువునే పేరుతో స్మరించిన శాసనం పొరుగున కన్నడ దేశంలో ఉంది. క్రీ.శ. 949 నాటి తక్కోలం యుద్ధాన్ని ప్రస్తావించే ఆతకూరు శాసనం 'కాళి' అనే వేటకుక్కను స్మరిస్తుంది. అడవిపందితో పోరాడి మరణించిన ఆ కుక్క కోసం మణలేరుడు రాయి నిలిపాడు, ఆ రాతి పూజకు భూమి కూడా కేటాయించాడు. ఇక్కడ సైతం స్మృతి కొనసాగడానికి నేలనే ఆధారంగా చూపడం విశేషం.

3. సాహిత్యం – మౌఖిక సంప్రదాయం:

ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన 'క్రీడాభిరామం' కోడిపందేలను, పొట్టేళ్ల పోరును వర్ణిస్తుంది. మనిషి పెంచిన జంతువు అక్కడ వినోదవస్తువు. అదే కావ్యం మైలారుదేవుని ఆరాధననూ చూపుతుంది. మడికొండకు చేరువలోని ఐనవోలులో ఆ దేవుడు మల్లన్నగా గొల్ల, కురుమల కొలుపులు అందుకుంటున్నాడు. సంక్రాంతితో మొదలయ్యే అక్కడి జాతర ఉగాది వరకు సాగుతుంది.

జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య వంటి కళాకారులు ప్రసిద్ధికి తెచ్చిన ఒగ్గుకథ ఈ సంప్రదాయానికి వాహిక. పుట్ట నుండి గొర్రెలు వెలువడ్డాయనే కథ కురుమల్లోనే కాక, దక్కను గొర్రెల కాపరులైన కురుబల్లో, ధనగరుల్లో కూడా వినిపిస్తుంది. ఈ కథలో గొర్రె మనిషి సంపాదించిన సొత్తు కాదు. నేల ఇచ్చినది, మనిషికి అప్పగింతగా వచ్చినది. శాసనం చెప్పని కాపరి దృక్పథాన్ని ఈ కథ చెబుతుంది.

4. మేతభూమి – సుంకం:

మేత మీద సుంకం పడినప్పుడు ఈ బంధం రాజకీయ ప్రశ్న అయింది. 1921లో పల్నాట పుల్లరికి వ్యతిరేకంగా అటవీ సత్యాగ్రహం చెలరేగింది. 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. నిజాం రాజ్యంలో 1940లో ప్రాణాలర్పించిన కొమురం భీము పోరాటానికి కూడా పశువుల మేతపై విధించిన సుంకం ఒక కారణం. తెలంగాణ పల్లెల్లో కాపరులు దొరల ఇళ్లకు వెట్టిగా గొర్రెలను ఇచ్చుకోవలసి వచ్చేది. ఉమ్మడి మేతభూమికి ఇక్కడ వాడుకలో ఉన్న 'బంచరాయి' అనే పేరులోని 'చరాయి' మేపుకు సంబంధించిన మాట. ఆ పేరు నేటికీ రెవెన్యూ రికార్డుల్లో ఉంది. ఆ నేలలో చాలాభాగం మందలకు అందుబాటులో లేదు.

5. ముగింపు:

మడికొండ నేడు వరంగల్ మహానగరపాలక సంస్థలో భాగం. ఒకప్పటి మెట్ట నేలల పక్కన ఐటీ పార్కు వెలిసింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం రాయితీతో గొల్ల, కురుమ కుటుంబాలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించింది. జీవాలను లెక్కించి కాపరికి అప్పగించడంలో ఈ పథకం నాటి దీపదానాన్ని తలపిస్తుంది. రెండింటిలోనూ మంద సంఖ్య స్పష్టంగా ఉంది. కొరతగా మిగిలింది మేత ఎక్కడన్న ప్రశ్నకు సమాధానం. గొంగడికి ఉన్నినిచ్చే దక్కనీ గొర్రె క్షీణించి, మాంసానికి అనువైన నెల్లూరు జాతి వ్యాపించడం కూడా ఈ మార్పులో భాగమే.

కాబట్టి పశుపోషణ చరిత్రను రాసేటప్పుడు దానాల లెక్కతోపాటు మేతభూముల లెక్కనూ తీయాలి. గ్రామ రెవెన్యూ రికార్డులను ఒగ్గుకథల పాఠాలతో కలిపి చదివితే ఓరుగల్లు కొండవాలు చరిత్ర వెలుగులోకి వస్తుంది. జీవాలపై ప్రేమ కాపరికి కొత్తగా నేర్పవలసినది కాదు. ఆ ప్రేమ నిలవడానికి అతనికి కావలసింది మేత దొరికే నేల.