బీటిల్స్ అట్ట, పాలకొల్లు కుంచె

సెప్టెంబరు 21 సినిమా పోస్టర్ల చిత్రకారుడు ఈశ్వర్ వర్ధంతి. సరిగ్గా ఆ వారానికే రాక్ బ్యాండ్ల ఆల్బమ్ పోస్టర్ల మీద ఓ పేజీ కావాలన్నారు సంపాదకులు. ఉండి సెంటర్లో కూచుని రాక్ గురించి ఏం రాస్తాం అనుకోకండి. భీమవరం మీదుగా వెళ్తే పాలకొల్లు ఎంతో దూరం లేదు. ఈశ్వర్ పుట్టిన ఊరు అదే.

పాత సంగతులు తొందరగా కానిద్దాం. దండోరా రోజుల్లో బొమ్మతో పనే లేదు. 1885లో మొదలైన సురభి వారికీ, తర్వాతి నాటక సమాజాలకీ కరపత్రం మీద లావుపాటి అక్షరాలే అలంకారం. గ్రామఫోను ప్లేటు వచ్చింది గానీ తొడుగు ఉత్త కాగితమే. పద్యం ఎవరు పాడినా పైన కనిపించేది కంపెనీ గుర్తు, హెచ్చెమ్వీ అయితే కుక్క. 1940 ప్రాంతంలో అమెరికాలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు కొలంబియా వాళ్లని ఒప్పించి అట్ట మీద బొమ్మ వేసేదాకా అక్కడా ఇదే తంతు.

ఇక 1967. ఇక్కడ కాసేపు ఆగాల్సిందే.

ఆ ఏడు జూన్‌లో లండన్ దుకాణాల్లోకి బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' వచ్చింది. అట్ట రూపకర్తలు పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు. నలుగురు కుర్రాళ్లూ తళతళలాడే రంగు కోట్లు తొడుక్కుని, ముందు పెద్ద డ్రమ్ము పెట్టుకుని నిలబడ్డారు. అచ్చం మన పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళమే! మేం పాత బీటిల్స్ కాదు, వేరే మేళం అని పాట వినకముందే చెప్పేశారన్నమాట. వెనకాల ప్రముఖుల నిలువెత్తు బొమ్మలు. అందులో గాంధీ కూడా ఉండాల్సింది. ఇండియాలో గొడవవుతుందని ఈఎమ్ఐ పెద్దాయన జోసెఫ్ లాక్‌వుడ్ తీయించేశాడు. ఇక్కడ మన ఘంటసాల ప్లేట్లు అమ్మే హెచ్చెమ్వీ కూడా అప్పట్లో ఆ ఈఎమ్ఐదే. మహాత్ముడి మీద భక్తా, అమ్మకాల మీద భయమా అంటే నా ఓటు రెండోదానికే. పరమహంస యోగానంద మాత్రం ఉండిపోయారు. అట్ట వెనక పాటలన్నీ అచ్చేశారు. సినిమా హాలు బయట పాటల పుస్తకం కొన్న మనకి అదేం వింత కాదు.

మరుసటి నెల, జూలైలో, బాపు 'సాక్షి' విడుదలైంది. ఈశ్వర్‌కి అదే తొలి చిత్రం. అప్పట్లో పోస్టరంటే నలుపు తెలుపు స్టిల్లు కత్తిరించి, అట్టకి అంటించి, దాని మీద రంగు వేయడం. బుగ్గలు నున్నగా మెరిసేదాకా దిద్దేవాళ్లు. ఈశ్వర్ కుంచె గీతని దాచకుండా వదిలేశాడు. ఆ గరుకులోనే సినిమా కోపమో దిగులో తెలిసేది. అర్ధరాత్రి సైకిలు మీద వచ్చి మైదా జిగురుతో అంటించి పోయేవాళ్లకి ఈ సంగతి పట్టదు గానీ, పొద్దున్నే బడికెళ్లే పిల్లలకి పట్టేది.

1973లో పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ముందట్ట మీద గాజు పట్టకం తప్ప మనిషి లేడు, బ్యాండు పేరూ లేదు. హీరో మొహం లేని పోస్టర్ మన దగ్గర పంపితే హాలు వాళ్లు ఊరుకునేవారా? కాబట్టి ఈశ్వర్ పని ఆ అట్ట చేసిన హిప్నోసిస్ వాళ్ల పని కంటే కష్టం. మొహం ఉంచి తీరాలి, మూడ్ కూడా రావాలి.

ఆ తర్వాత లెక్క తప్పింది. కంప్యూటర్ వచ్చింది, ఫ్లెక్సీ వచ్చింది, గోడలు పుట్టినరోజు శుభాకాంక్షల పాలయ్యాయి. మనకి నిజంగా తెలుగు బ్యాండ్లు పుట్టేసరికి అట్ట అన్నదే లేదు. హైదరాబాద్ 'చౌరస్తా' వాళ్ల 'ఊరెళ్ళిపోతా మామ' జనం విన్నది యూట్యూబ్‌లో. అక్కడ పోస్టరంటే ఫోన్లో గోరంత బొమ్మ.

ఈశ్వర్ 2,600కు పైగా చిత్రాలకు పనిచేసి, 2015కి రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకుని, 2021లో చెన్నైలో కన్నుమూశారు. గోడ మీది పోస్టర్ మీద మరుసటి శుక్రవారం ఇంకోటి పడేది, కాబట్టి మిగిలింది తక్కువ. మీ అటక మీద పాత పాటల పుస్తకాలో, రికార్డు అట్టలో ఉంటే దయచేసి పాత కాగితాల బండికి వేయకండి.