అలుగు పొలుసులు

చైనా సంప్రదాయ వైద్యంలో అలుగు (పాంగోలిన్) పొలుసులతో తయారుచేసే ఔషధం. చైనీయులు దీన్ని చ్వాన్‌షాన్‌జియా అంటారు. పొలుసులను వేడి ఇసుకలో వేయించి, వెనిగర్‌లో ముంచి, ఆరబెట్టి సిద్ధం చేస్తారు. బాలింతలకు పాలు పడటానికి, వాపులూ గడ్డలూ తగ్గటానికి వాడుతూ వచ్చారు. పొలుసుల్లో ప్రధానంగా ఉండేది మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే ప్రోటీనే. ఈ వైద్య గుణాలకు నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదు.

ఈ ఔషధానికున్న గిరాకీ వల్ల సాగిన వేట ఆసియా, ఆఫ్రికాల్లోని 8 అలుగు జాతులనూ ముప్పులోకి నెట్టింది. ముడుచుకుని బంతిలా మారే ఈ జీవిని వేటగాడు సులువుగా ఎత్తుకుపోగలడు. 2016లో వన్యజీవుల వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు సదస్సు అలుగుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించాలని నిర్ణయించింది. 2020లో చైనా అలుగుకు అత్యున్నత రక్షణ కల్పించి, పొలుసులను అధికారిక ఔషధకోశపు ముడిద్రవ్యాల జాబితా నుంచి తొలగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడవుల్లోనూ కనిపించే భారతీయ అలుగును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.