ఆరోగ్యవరం నుంచి ఎక్స్‌రే చదివే యంత్రం దాకా

చింతామణి నుంచి రాష్ట్రం ఎల్ల దాటి మదనపల్లెకు పోతే, ఆ ఊరికి దగ్గరలోనే ఆరోగ్యవరం ఉంది. మన పెద్దవాళ్ళకు ఆ పేరు వింటే క్షయ గుర్తుకు వస్తుంది. క్షయ అన్న మాట తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే. ఆ జబ్బుకూ ఎల్లలు లేవు గదా! 1910ల దశకంలో క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ శానిటోరియం కట్టాయి. డెన్మార్క్ దేశపు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. అప్పట్లో మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టినిచ్చే తిండి, ఇవే వైద్యం.

1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌రే వల్ల రోగం ఊపిరితిత్తుల్లో ఎంత వరకు పాకిందో చూడడం వీలయింది. అయితే ఫిలిం తీస్తే చాలదు, దాన్ని చదవగల కన్ను కావాలి. ఒకే ఫిలింను ఇద్దరు డాక్టర్లు రెండు విధాలుగా చదువుతున్నారని 1940లలోనే అమెరికా పరిశోధనల్లో తేలింది.

1959లో బెంగళూరులో, మన బాగేపల్లి బస్సులు వచ్చే బళ్ళారి రోడ్డు మీదనే, జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థవారు తుమకూరు జిల్లా పల్లెల్లో చేసిన పరిశీలనను నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. 1963లో బెనర్జీ, ఆండర్సన్ గారలు దాన్ని ప్రకటించారు. క్షయ ఉన్నవారిలో సగం మందికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కినవారే. వాళ్ళకు దక్కింది ఒక దగ్గు మందు సీసా! రోగి రాకపోవడం కాదు, వచ్చిన రోగికి కఫం పరీక్ష చేయకపోవడమే లోపం.

ఇక ఇప్పటి సంగతి. కృత్రిమ మేధ అనే కంప్యూటర్ విద్యతో యంత్రమే ఎక్స్‌రే చదువుతోంది. డాక్టర్లు గుర్తులు పెట్టిన వేలాది ఫిలింలను చూపించి దానికి నేర్పుతారు. కొత్త ఫిలిం పెడితే, క్షయ అనుమానం ఎంత ఉందో ఒక అంకె వేస్తుంది. పదిహేనేళ్ళు నిండినవారి విషయంలో దీన్ని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. ఎక్స్‌రే చదివే డాక్టరు లేని తాలూకాలకు ఇది పెద్ద వరమే.

అయితే ఏ అంకె దాటితే రోగి అనుకోవాలో యంత్రం చెప్పదు, మనుషులే నిర్ణయించాలి. గీత కిందికి దించితే ఆరోగ్యవంతులు కూడా పరీక్షలకు తిరగాలి, పైకి జరిపితే నిజమైన రోగి ఇంటికి పోతాడు. ఎప్పుడో నయమైన క్షయ మచ్చను చూసి కూడా అది పెద్ద అంకె వేయవచ్చు. మన చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల రాతి క్వారీలున్నాయి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ నీడలు క్షయ నీడల్లాగే కనిపిస్తాయి. అనుభవమున్న డాక్టర్లే తడబడే చోట, క్వారీ కూలీల ఫిలింలు చూడని యంత్రం ఏం చేస్తుంది?

అందుకే ఆ అంకె రోగ నిర్ధారణ కాదు, ఆ తర్వాత కఫం పరీక్ష జరగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్షా, మందులూ ఉచితమే. రెండు వారాలకు మించి దగ్గు ఉండి, యంత్రం ఏమీ లేదన్నా సరే, అడిగి చేయించుకోండి. క్వారీలో ఎన్నేళ్ళు పనిచేశారో, ఇదివరకు క్షయ మందులు వాడారో లేదో, ఎవరూ అడగకపోయినా డాక్టరుకు చెప్పండి.