అమ్మకాల లెక్కకు అందని ఆదరణ: గోదావరి డెల్టాలో పద్యనాటక రికార్డులు

పాశ్చాత్య హెవీ మెటల్ బృందాల జయాపజయాలను ఆల్బముల అమ్మకాలతో తూచడం పరిపాటి. అమెరికాలో 1976లో మొదలైన ప్లాటినం గుర్తింపు పది లక్షల ప్రతులను కొలమానంగా నిలిపింది. కొన్నవాడే శ్రోత అయిన సమాజానికి అది చెల్లుతుంది. గోదావరి డెల్టా పద్యనాటక రికార్డులకు చెల్లదు.

ఎండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా రచించిన పాండవోద్యోగ విజయాల పద్యాలు రంగస్థలం నుండి గ్రామఫోను ప్లేట్లకు ఎక్కాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు నిడివి సుమారు మూడు నిమిషాలు. పద్యం అందులో ఇమిడింది. ‘వన్స్‌మోర్‌’లతో పెరిగే రాగాలాపన మాత్రం కుదించుకుపోయింది. జంటకవులలో తిరుపతిశాస్త్రి 1920లోనే కన్నుమూశారు. విద్యుత్ ధ్వనిముద్రణ కాలాన్ని ఆయన చూడనేలేదు.

గ్రామఫోను కొనగల ఇళ్లు కొద్ది. మైకుసెట్టు యజమాని కొన్న ఒక్క ప్రతి పెళ్లిపందిళ్లలో, తీర్థాలలో అరిగేదాకా మోగేది. కంపెనీ ఖాతాలో అది ఒక్క అమ్మకం. విన్నది మాత్రం ఊరంతా. ఈ ఆదరణ నటగాయకునికి రాబడిగా మారిన చోటు రికార్డుల దుకాణం కాదు, కాంట్రాక్టు నాటకం. కరపత్రాలలో నటుని పేరు పక్కన ‘గ్రామఫోను ఆర్టిస్టు’ అని అచ్చువేయడం వెనుక ఉన్న లెక్క అదే.