శిల్పం నుంచి నృత్తానికి: పేరిణి పునఃసృష్టి – నటరాజ రామకృష్ణ

తెలంగాణ నృత్యచరిత్రలో పేరిణి శివతాండవాన్ని కాకతీయుల కాలం నాటి కళగా పేర్కొనడం పరిపాటి. పేరు ప్రాచీనమే. అయితే నేడు రంగస్థలంపై కనిపించే రూపం ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ (1923–2011) కూర్చినది. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించినప్పుడే ఆయన కృషిని సరిగా అంచనా వేయగలం.

ఆయనకు ప్రధానంగా లభించిన ఆధారాలు రెండు. మొదటిది గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253–54లో రచించిన ‘నృత్తరత్నావళి’. ఇందులోని ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గ పద్ధతిని, తక్కినవి దేశి పద్ధతిని వివరిస్తాయి. పేరిణి దేశి విభాగానికి చెందినది. రెండవది రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయ శిల్పసంపద.

ఈ ఆధారాలకు పరిమితులున్నాయి. లక్షణగ్రంథం అంగాలను, నియమాలను చెబుతుంది. ప్రదర్శనను ఆద్యంతం చూపదు. శిల్పం ఒక్క క్షణపు భంగిమను నిలుపుతుంది. ఒక భంగిమ నుంచి మరొక భంగిమకు సాగే గతిని, లయను చెప్పదు. పైగా రామప్పలోని ప్రసిద్ధ మదనికలు స్త్రీమూర్తులు. పేరిణి పురుషుల నృత్తంగా రూపొందింది. ఈ ఖాళీలను పూరించినది నృత్యకర్త ఊహాశక్తి. 1985 మహాశివరాత్రినాడు రామప్ప ఆలయంలో జరిగిన ప్రదర్శనతో ఆ రూపం విస్తృతంగా ప్రజల ముందుకు వచ్చింది.

ఆంధ్రనాట్యం విషయంలో పరిస్థితి వేరు. దేవదాసీ వ్యవస్థను మద్రాసు రాష్ట్రం 1947లో చట్టం ద్వారా నిషేధించిన తరువాత కూడా ఆలయ, ఆస్థాన నృత్యాలు కళావంతుల కుటుంబాల వృద్ధ కళాకారిణుల దేహస్మృతిలో మిగిలాయి. రామకృష్ణ వారి వద్దకు వెళ్లి నేర్చుకున్నారు. అక్కడ ఆధారం రాయి కాదు, సజీవ గురువు. అందువల్ల ఆంధ్రనాట్య చరిత్రలో ఆ స్త్రీలకు సహకర్తల స్థానం దక్కాలి.

ఇటువంటి సృష్టికి మెక్సికోలో పోలిక ఉంది. అమెరికాకు చెందిన వాల్డీన్ 1940లో రూపొందించిన ‘లా కొరొనేలా’ పొసాదా చెక్కడపు చిత్రాల నుంచి ప్రేరణ పొంది, మెక్సికన్ ఆధునిక నృత్యానికి పునాదిగా నిలిచింది. నిశ్చల చిత్రానికి చలనమిచ్చి జాతీయ కళను నిర్మించడం ఇద్దరిలోనూ సమానమే. కాని వాల్డీన్ కృతిని ఆధునిక సృష్టిగానే గుర్తించారు. పేరిణిని మాత్రం ప్రాచీన కళకు పునరుద్ధరణగా ప్రచారం చేశారు.

‘పునరుద్ధరణ’ అన్న మాట కళకు ప్రాచీనతా గౌరవాన్ని తెచ్చిపెడుతుంది; అదే సమయంలో కళాకారుని కర్తృత్వాన్ని మరుగుపరుస్తుంది. పేరిణిని ‘పునఃసృష్టి’ అనడం వల్ల జాయపకు గాని, రామప్ప శిల్పులకు గాని లోటు కలగదు. రామకృష్ణకు న్యాయం జరుగుతుంది.